మేడిపండు నింద

ఇబ్రహీంపట్నం ప్రాంతంలో వేసవి అంటే మామిడి. ఒకవైపు కృష్ణానది, మరొకవైపు కొండపల్లి కొండలు, వాటి ఆవల మైలవరం మీదుగా నూజివీడు వరకు తోటలు. మా అబ్బాజాన్ ఏటా పూత మీదనే ఒక తోటను గుత్తకు తీసుకొనేవారు. చిన్నరసాలు, బంగినపల్లి కాయలు కోయించి, గడ్డిలో మాగవేసి అమ్మేవారు. మా చదువు ఆ గడ్డిలో పండినదే.

మా బాల్యంలో ఒక వేసవి చివర, తొలి వానలు పడిన తరువాత, ఒక వ్యాపారి రెండు గంపల పండ్లను తిరిగి తెచ్చి మా గుమ్మంలో గుమ్మరించాడు. ఒక పండును కోసి చూపాడు. పసిమి రంగు తొక్క క్రింద తెల్లని పురుగులు!

"ఏం సాయిబూ, మేడిపండ్ల వ్యాపారం మొదలుపెట్టావా?" అన్నాడు.

"అల్లా సాక్షి! నాకు తెలియదు బాబూ" అన్నారు అబ్బాజాన్. అతడు నమ్మలేదు. సొమ్ము తిరిగి ఇచ్చారు గాని, పోయిన పేరు తిరిగి రాలేదు. ఆ తరువాత ఆయన మరి తోట పట్టలేదు.

తెలుగు ఉపన్యాసకులమైన పిదప, వేమన మేడిపండు పద్యం చెప్పవలసి వచ్చినప్పుడల్లా మా గొంతు తడబడేది. పిరికివాని బింకానికి వేమన చూపిన పోలిక, మా ఇంట మోసానికి మారుపేరైనది.

ఈ ముడిని విప్పినది కావ్యం కాదు, కీటకశాస్త్రం. ఒకనాడు మా జంతుశాస్త్ర మిత్రులొకరు ఒక మామిడికాయను భూతద్దం క్రింద ఉంచి మమ్ము చూడమన్నారు. తొక్కపై సూదిమొనంత మచ్చ. అది పండు ఈగ పని. ఆడ ఈగ పక్వానికి వస్తున్న కాయను పొడిచి, తొక్క క్రింద గుడ్లు పెడుతుంది. కొద్ది రోజులలో గుడ్లు పగిలి, పిల్ల పురుగులు గుజ్జును తినసాగుతాయి. గుడ్డు మాత్రమే ఉన్న కాయ కోతనాడు మంచి కాయవలెనే ఉంటుంది. మాగేలోపల పురుగు పెరుగుతుంది. "కోసినవానికీ తెలియదు, కొన్నవానికీ తెలియదు" అన్నారు మిత్రులు. మా కన్నులు చెమర్చినవి.

ఈ ఈగను పట్టే ఉపాయం కూడా మన దేశంలోనే మొలకెత్తినది. బీహారులోని పూసా పరిశోధనాలయంలో పనిచేసిన హౌలెట్ అను ఆంగ్ల శాస్త్రవేత్త, సిట్రొనెల్లా నూనె వాసనకు మగ ఈగలు మూగుతున్నవని 1912లో ప్రకటించారు. 1915 నాటికి మిథైల్ యూజినాల్ అను పదార్థానికి గల ఆకర్షణను వెల్లడించారు. మన పెరటి తులసిలోనూ ఈ పదార్థం ఉన్నది. దానిని, కొద్దిపాటి కీటకనాశినిని కలిపి చెక్కముక్కకు పట్టించి, ఎరబుట్టలో వ్రేలాడదీస్తే మగ ఈగలు వచ్చి చస్తాయి. మగవి లేనిదే ఆడవి పెట్టిన గుడ్లు పొదగవు. పసిఫిక్ సముద్రంలోని రోటా ద్వీపంలో ఈ పద్ధతితోనే ఈగను నిర్మూలించినట్లు స్టైనర్ బృందం 1965లో ప్రకటించినది.

ఇది ఒక ఇంటి బాధ మాత్రమే కాదు. సరుకులో పండు ఈగలు కనిపించినందున 2014లో ఐరోపా సమాఖ్య భారతదేశపు మామిడిని నిషేధించి, 2015లో ఆ నిషేధాన్ని ఎత్తివేసినది. మా గుమ్మంలో జరిగిన తగవే దేశాల నడుమ జరిగినది.

అయితే శాస్త్రం మమ్ము పూర్తిగా విడిచిపెట్టలేదు. పురుగు పట్టిన కాయ రాలుతుంది. పురుగు నేలలో దూరి, కోశస్థ దశ గడిపి, మరల ఈగయై లేస్తుంది. కనుక రాలిన కాయలను ఏరి లోతుగా పాతిపెట్టాలి, చెట్ల క్రింద దున్నాలి. మా తోటలో రాలిన కాయను ముట్టినవారు లేరు.

ఈ సంగతులన్నీ అబ్బాజాన్‌కు వివరించాము. తమ నిర్దోషిత్వం రుజువైనదని సంతోషిస్తారనుకొన్నాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే రాలిన కాయలు ఏరించి ఉంటే సరిపోయేదా, బేటా?" అని మాత్రం అడిగారు.

విద్యార్థులారా! తెలియక జరిగినదానికి మోసమని పేరు పెట్టడం సులభం. భూతద్దం పట్టి చూడడం కష్టం. ఆ కష్టానికే పరిశోధన అని పేరు. ఇప్పుడు మేము మేడిపండు పద్యాన్ని తడబడకుండా చెబుతున్నాము. చెప్పిన తరువాత తరగతిలో ఒక మామిడికాయను, ఒక భూతద్దాన్ని చేతులు మార్చి చూపిస్తున్నాము.