న్యగ్రోధచ్ఛాయలో ఒక ధర్మసంకటం

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును ఒక మర్రిపండు తెమ్మంటాడు. తెచ్చిన పండును పగులగొట్టమంటాడు. లోపల అణుప్రాయములైన విత్తులు. వాటిలో ఒకదానిని చీల్చమంటాడు. అక్కడ ఏమీ కనబడదు. ఆ కనబడని సూక్ష్మతత్త్వము నుండియే ఇంతటి మహావృక్షము నిలిచియున్నదని తండ్రి బోధిస్తాడు. ఈ ఉపదేశానికి మామిడినో పనసనో గాక న్యగ్రోధమునే గ్రహించడంలోని ఔచిత్యం, ఆ చెట్టు క్రింద నిలిచి పైకి చూచినవానికి వేరే చెప్పనక్కరలేదు.

అట్లు నిలువదగిన చోటు భాగ్యనగరానికి పశ్చిమ దిశలో ఉన్నది. అప్పా కూడలి నుండి మొయినాబాదు, చేవెళ్ల మీదుగా మన్నెగూడ వరకు సాగే 46 కిలోమీటర్ల బీజాపూరు రహదారికి ఇరుప్రక్కల సుమారు 900 మర్రివృక్షాలున్నాయి. నిజాం ప్రభుత్వకాలంలో బాటసారుల నీడకై నాటినవని ప్రతీతి. చిలుకూరు బాలాజీ దర్శనార్థులలో అనేకులు ఈ దారిలో కొంతదూరం వచ్చి ఆలయం వైపు మళ్లుతారు. కోరిక విన్నవించుకొని 11 ప్రదక్షిణలు, అది తీరిన పిమ్మట 108. నీడనిచ్చిన చెట్టు వద్ద ఆ పాదాలు క్షణమైనా ఆగినవా అన్నది ఎవరూ లెక్కించలేదు.

చెట్లను మాత్రం లెక్కించారు. రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించే ప్రణాళిక వచ్చినప్పుడు, నగరవాసులైన కొందరు ప్రకృతిప్రేమికులు దారి పొడవునా తిరిగి ఒక్కొక్క మర్రిని గుర్తించి, దాని స్థానాన్ని నమోదు చేశారు. జాతీయ హరిత ధర్మాసనాన్ని ఆశ్రయించారు. నామజపానికి మాల ఎట్టిదో, వారికి ఆ జాబితా అట్టిది. ప్రతి చెట్టూ ఒక పూస. కడకు రహదారి రూపకల్పనలో మార్పులు జరిగి, అధికసంఖ్యాకములను ఉన్నచోటనే నిలుపుటకు, తక్కినవాటిని వేరొకచోట నాటుటకు మార్గమేర్పడింది.

ఇంతవరకే అయితే కథ సులభం. 2025 నవంబరు 3 ఉదయం, చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ వద్ద, తాండూరు నుండి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొన్నది. 19 మంది మరణించారు. ఇరుకుదారిలో అంతకుముందు కూడా ఎన్నో ప్రాణాలు పోయాయి. దారి విస్తరించమని ఆ ప్రాంతప్రజలు అడిగిన ప్రతిమాటలోనూ ఏదో ఒక ఇంటి దుఃఖమున్నది. వృక్షప్రేమ పేరిట ఆ దుఃఖాన్ని అలక్ష్యం చేసేవానికి భూతదయ సగమే అబ్బినట్లు. వృక్షాలే హంతకములన్నవాడును అంతే తొందరపడినవాడు. అతివేగము, అతిభారము, నిర్లక్ష్యము మర్రి ఊడలకు తగిలించదగిన దోషాలు కావు.

ఇక్కడ కొందరు వేదాంతులు మరొక మాటంటారు. గీత పదునైదవ అధ్యాయంలో భగవానుడే అసంగమనే శస్త్రంతో వృక్షాన్ని ఛేదించమన్నాడు గదా, చెట్టుపై ఇంత మమకారమేల అని. వినడానికి గంభీరంగానే ఉంటుంది. కాని అక్కడ ఛేదింపవలసిన అశ్వత్థము సంసారము. దాని వేళ్లు వినువాని చిత్తంలోనే ఉన్నవి. ఆ గొడ్డలిని రోడ్డుప్రక్క మర్రికి ఎత్తడం ఉపమానాన్ని ఉపమేయంగా భ్రమించడమే. పైగా చెట్టును తొలగించి మిగిలే స్థలంలో దుకాణపు బేరం కనబడేవాని నోట అసంగమనే మాట అంతగా నప్పదు.

2015 జూలై 3న తెలంగాణకు హరితహారం ఆరంభమైనది ఈ చిలుకూరులోనే. మొక్క నాటడం పుణ్యమే; కాని నిన్నటి మొక్క నూరేండ్ల మర్రికి ప్రతినిధి కాజాలదు. మర్రికాయ లోపలనే పూలు పూస్తాయి, వాటిని పరాగసంపర్కం చేయుటకు ఒక అతిసూక్ష్మమైన కందిరీగ లోనికి ప్రవేశిస్తుంది. పండ్లు పక్షులకు, గబ్బిలాలకు ఆహారం. వాటి ఉదరం గుండా వెలువడిన విత్తు తాటి మట్టల నడుమనో, పాడుబడిన గోడ పగులులోనో మొలకెత్తుతుంది. ఈ అన్నదానం ఒక వర్షాకాలంలో సమకూరేది కాదు. ఇక నీటి సంగతి. 1908 నాటి మూసీ వరద తరువాత నిర్మితమైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరీవాహకభూమి ఇదే. దాని రక్షణకై 1996లో వెలువడిన 111వ ఉత్తర్వు పరిధిలోని 84 గ్రామాలలో మొయినాబాదు పరిసరగ్రామాలనేకం ఉన్నవి. వాన నిలిచే నేల ఉంటేనే ఆ జలాశయాలకు అర్థం.

స్థానభ్రంశం చెందవలసిన మర్రుల సంగతి మిగిలింది. కొమ్మలు నరికి, వేళ్ల చుట్టూ మట్టిముద్దతో సహా పెకలించి, కొత్త గోతిలో నిలిపితే మర్రి తిరిగి చిగిర్చే అవకాశం ఎక్కువే. నరికిన కొమ్మను పాతినా వేరు తొడిగే జాతి అది. అయితే మొదటి వేసవులలో నీరు తప్పరాదు. గుత్తేదారు ట్యాంకరు వచ్చి పోతుంది. అది రాని నాడు బిందె ఎత్తవలసినది ఆ ఊరివారే, లేదా చిలుకూరులో 108 ముగించుకొని, అదే దారిన ఇంటికి మళ్లుతున్నవారు.