పడటం నేర్పిన రింక్

"అంకుల్, మోకాళ్లు వంచండి!"

నన్ను అంకుల్ అన్న పాపకి ఏడేళ్లుంటాయేమో. నాకింకా ఇరవై ఎనిమిదే. అయినా వాదించే పరిస్థితిలో లేను. రెండు చేతులా రెయిలింగ్ పట్టుకుని ఉన్నాను. కాళ్లేమో చెరో దిక్కుకి జారిపోతున్నాయి.

హైదరాబాద్‌లో ఇందిరా పార్కు దగ్గరి స్కేటింగ్ రింక్ అది. ఆ చుట్టుపక్కలంటే చాలామందికి పొద్దున వాకింగ్, ఎండెక్కాక ధర్నా చౌక్ నినాదాలే గుర్తొస్తాయి. ఆదివారం తెల్లవారుజామున వెళ్తే ఇంకో చప్పుడు వినిపిస్తుంది. నున్నటి నేల మీద చక్రాలు దొర్లే చప్పుడు. పిల్లలు గాల్లో తేలినట్టు తిరుగుతుంటే, అమ్మానాన్నలు నీళ్ల సీసాలు పట్టుకుని గట్టు మీద కూర్చుంటారు. మన హైదరాబాదీ అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు. అతనూ ఒకరోజు ఇలా తడబడే ఉంటాడనుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

చిన్నప్పుడు స్కేట్లు అడిగితే నాన్న "కాళ్లిరుగుతాయిరా" అని కొట్టిపారేశారు. మా ఊళ్లో అవి దొర్లే రోడ్డూ లేదనుకోండి. ఆ సరదా ఇన్నాళ్లకి తీరింది.

మొదటిరోజు కోచ్ నేర్పింది స్కేటింగ్ కాదు, పడటం. హెల్మెట్, మోకాళ్లకి, మోచేతులకి ప్యాడ్లు, మణికట్టుకి గార్డులు తొడిగించి, "ఇప్పుడు పడుండ్రి సార్" అన్నాడు. భయమేస్తే ఒళ్లు వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలితే చక్రాలు ముందుకి జారి, వెన్ను చివరి ఎముక నేలకి తగులుతుంది. అందుకే పడక తప్పకపోతే ముందుకి, మోకాలి ప్యాడ్ల మీద పడాలి. చేతులు ఆనించి బరువంతా మణికట్టు మీద వేయకూడదు.

నాకిచ్చినవి క్వాడ్ స్కేట్లు. ముందు రెండు, వెనక రెండు చక్రాలు. ఒంటి బరువు ఎటు వాల్చితే అటు తిరిగేలా వీటిని న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ 1863లో తయారుచేశాడు. మడమలు దగ్గరగా, వేళ్లు దూరంగా పెట్టి బాతులా చిన్న చిన్న అడుగులు వేయాలి. "కాళ్ల దిక్కు చూడకుండ్రి సార్, ముంగట చూడుండ్రి" అని కోచ్ ఎన్నిసార్లు అన్నాడో! చూపు కిందికి దిగితే తల వంగుతుంది, తల వెనకే మనిషీ వెళ్తాడు.

మూడో ఆదివారం రెయిలింగ్ వదలమన్నాడు. చెయ్యి పట్టుకోమని అడిగితే, తన చెయ్యి కర్రలా చాచి నిలబడ్డాడు.

"నేను పట్టుకోను సార్. మీరే నన్ను పట్టుకోండ్రి. నేను గుంజితే పడతరు."

అక్కడే ఆగిపోయాను. గుర్తొచ్చింది నాన్న.

రెండు నెలల క్రితం బాత్రూంలో జారిపడ్డారు. తుంటికి ఆపరేషన్ అయ్యింది. డాక్టరు నడవమన్నా ఆయన మంచం దిగడానికి జంకుతున్నారు. "వాకర్ ఉంది, నేనున్నాను, ఇంకా భయమేంటి నాన్నా?" అని రోజూ విసుక్కునేవాణ్ణి. చంక కింద చెయ్యేసి లేపి, ముందుకి లాగేవాణ్ణి. మన కాళ్లని మనమే నమ్మలేకపోవడం ఎలా ఉంటుందో, కాళ్లకి చక్రాలు కట్టుకునేదాకా నాకు తెలియలేదు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఒకటే మాట. స్కేట్లు వెంటనే కొనకండి, అద్దెకో అరువుకో దొరుకుతాయేమో చూడండి. ప్యాడ్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. వయసు గురించి అసలు ఆలోచించకండి. పిల్లలు మనల్ని చూసి నవ్వరు, సలహాలిస్తారు.

ఆ సాయంత్రం నాన్న మంచం పక్కన చెయ్యి చాచి నిలబడ్డాను. లాగలేదు. ఆయన కాసేపు నా చేతిని చూసి, తర్వాత తనే పట్టుకుని లేచారు. హాలు దాకా నడవడానికి పది నిమిషాలు పట్టింది. సోఫాలో కూర్చున్నాక నా మోచేతి మీద గీతలు చూశారు.

"ఎన్నిసార్లు పడ్డావురా?"

"పదకొండు సార్లు నాన్నా."

"నేనొక్కసారేగా!" అని నవ్వారు. ఆపరేషన్ అయ్యాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.