మాగాయ ఊటకి దారేది?

తొమ్మిదో తరగతికి ‘కణం’ పాఠం చెప్పాలంటే నాకెప్పుడూ బెరుకే. మైటోకాండ్రియా కణానికి శక్తి కేంద్రాలు అని నేనంటాను, నలభై గొంతులూ అదే అప్పగిస్తాయి. ఆ శక్తి దేనికర్రా అంటే గోడవంక చూస్తారు. వాళ్ళననేదేముంది, 1988లో డిగ్రీ పరీక్షకి నేనూ అలాగే బట్టీ పట్టాను!

పిల్లలు చేతికందొచ్చాక ఉద్యోగంలో చేరినదాన్ని. నాకు తోచే పోలికలన్నీ వంటింటివే. ఆ ఏడు పాఠాన్ని నాటకంలా ఆడిద్దామనిపించింది. బెంచీలు గోడవారకి నెట్టి, బట్టలారేసే నైలాను తాడు తెచ్చి పన్నెండుమంది చేత గుండ్రంగా పట్టించాను. అదీ కణత్వచం. మధ్య కుర్చీలో కేంద్రకం, దాని ఒళ్లో మా అత్తగారి వంటల నోటుబుక్కు. ఆ పుస్తకం (అత్తగారిలాగే) గడప దాటదు! ఒకమ్మాయి అందులోంచి కావలసిన వంట మాత్రం చీటీమీద రాసుకొస్తుంది. ఆ చీటీ చూసి రైబోజోములు పూసలు గుచ్చుతాయి. పూసలు అమైనో ఆమ్లాలు, దండ ప్రోటీను. గాల్జీ పిల్లలు పొట్లం కట్టి పంపిస్తారు. లైసోజోము కుర్రాడు చీపురుతో పూసల్ని కూడా ఊడ్చేస్తుంటే ఒకటే నవ్వులు. హెడ్మాస్టరుగారు కిటికీలోంచి “ఇది క్లాసా, సంతా?” అని వెళ్ళిపోయారు.

తాడు పట్టుకున్నవాళ్ళలో ఒక పిల్ల ఉంది. ఏడాదంతా నోరు విప్పలేదు, మార్కులూ అంతంతమాత్రమే. ‘గ్లూకోజు’ అట్ట మెళ్ళో వేసుకున్నవాడు తాడు కిందనుంచి దూరబోతే చెయ్యి అడ్డం పెట్టేసింది.

“ఎవరు పడితే వాళ్ళు రాకూడదన్నారుగా టీచర్. వీడికి దారేది?”

గ్లూకోజుకి వాహక ప్రోటీన్లని వేరే తలుపులుంటాయని చెప్పి ఇద్దర్ని తలుపులుగా నిలబెట్టాను. ఆక్సిజన్‌కి తలుపక్కర్లేదు, నేరుగా దూరిపోతుంది.

“మరి నీళ్ళకి?”

“అవీ అలాగే జారిపోతాయమ్మా.”

“మా అమ్మ మాగాయ ముక్కలకి ఉప్పేసి జాడీలో పెడితే మూడోరోజుకి బోలెడు ఊట వస్తుంది. అంత నీరు అలాగే జారిపోతుందా?”

ఏదో సర్దిచెప్పాను గానీ ఆ రాత్రి చపాతీలు వత్తుతున్నా అదే ధ్యాస. పుస్తకాలు తిరగేస్తే తేలింది. త్వచంలోని కొవ్వు పొర గుండా నీరు కొద్దికొద్దిగానే దాటుతుంది. జోరుగా పోవడానికి ఆక్వాపోరిన్లనే ప్రోటీను దారులున్నాయి, మొక్కల్లోనూ ఉన్నాయి. అవి నీటిదారులని 1992లో తేలింది. కనిపెట్టిన పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది. నా చదువు అంతకుముందే ముగిసిందాయె!

మర్నాడు “నిన్న నేను చెప్పింది సగమే” అని పిల్లలముందు ఒప్పుకోవడానికి ఎంత గొంతు పెగుల్చుకోవలసి వచ్చిందో మీరే ఊహించుకోండి. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్లే వెళ్ళి నీటిదారిగా నిలబడింది.

ఈ ఆటలో ఒక చిక్కుంది, పిల్లలకి చదువు చెప్పే తల్లులూ గమనించండి. పరీక్షలో ఒకడు “నీటికి బయటికి పోవాలనిపించింది” అని రాశాడు. నీటికి మనసెక్కడిది? అణువులు రెండువైపులా తిరుగుతూనే ఉంటాయి, ఉప్పున్న వైపుకి పోయేవి ఎక్కువ, అంతే. వాడికి సగం మార్కు తగ్గించాను. తప్పు నా ఆటదే కాబట్టి పూర్తిగా కొట్టెయ్యలేదు.

వారం తిరక్కుండా ఆ పిల్ల డబ్బా మూతలో ఎండిన మాగాయ ముక్క తెచ్చి నా బల్లమీద పెట్టింది.

“ఇందులో ఇంకా త్వచం ఉంటుందా టీచర్, చచ్చిపోయి ఉంటుందా?”

నేను మళ్ళీ పుస్తకాల బీరువా తాళంచెవి వెతుక్కున్నాను.