పెద్దమ్మ పిక్కలు

మా పెద్దమ్మ పట్టీలు పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. చీర అంచు నేలకు రాసుకునేలా కట్టేది. కళ్ళాపి చల్లేటప్పుడైనా కుచ్చిళ్ళు ఎగదోపేది కాదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం వసారాలో పడుకుని ఉండగా చీర తొలిగితే ఆమె పిక్కలు చూశాను. కండలు కట్టి, నరాలు పైకి తేలి ఉన్నాయి. కాపురానికి వెళ్ళిన కొత్తలో అత్తగారు వాటిని చూసి "మగరాయుడి కాళ్ళు" అన్నదట. ఆ తరవాత పెద్దమ్మ ముప్ఫై ఏళ్ళు కాళ్ళు దాచుకునే బతికింది. నలభై తొమ్మిదేళ్ళకే షుగరుతో, గుండెజబ్బుతో పోయింది. సన్నటి మనిషికి షుగరేమిటని అందరూ ఆశ్చర్యపోయారు గానీ, ఆ కాళ్ళకూ ఆ జబ్బుకూ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

నాకు పద్నాలుగో ఏట అవే కాళ్ళు వచ్చాయి. చేతులూ కాళ్ళూ బిగుసుకుపోతుంటే ముఖం, మెడ మాత్రం నిండుగా తయారయ్యాయి. అమ్మ ఏమీ అనలేదు. పరికిణీలు బెత్తెడు పొడవు ఎక్కువ పెట్టి కుట్టించడం మొదలుపెట్టింది. పెళ్ళిచూపుల్లో ఒకావిడ "ముఖం బాగానే ఉంది, చేతులే మోటు" అని వెళ్ళిపోయింది. తరవాత నేను స్త్రీల ఆత్మకథల్లో శరీరం గురించి పీహెచ్‌డీ చేశాను. శరీరం సమాజం రాసిన పాఠమని వాదించాను. మూడు వందల పేజీల ఆ సిద్ధాంత గ్రంథంలో నా కాళ్ళ ఊసు ఎక్కడా లేదు.

ముప్ఫై మూడో ఏట కడుపునొప్పితో ఆసుపత్రిలో పడ్డాను. క్లోమం వాచిందన్నారు. మొదటి ప్రశ్న, మందు తాగుతారా అని. రెండోది, పెళ్ళయిందా అని. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటాయి. యాభై రెండు కిలోల మనిషిని బరువు తగ్గమన్నారు. నెలసరి సరిగా రావడం లేదని అంతకు ముందు ఇంకో చోట ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు రాసిచ్చారు. నాలాంటివాళ్ళలో ఆ మాత్రలు కొవ్వును ప్రమాదకరంగా పెంచుతాయని అప్పటికి నాకు తెలియదు. మూడో చోట కలిసిన ఎండోక్రైనాలజిస్టు సల్వార్ పైకి మడవమని పిక్కలు చూసింది. "మీ ఇంట్లో ఇంకెవరికి ఇలాంటి కాళ్ళున్నాయమ్మా?" అని అడిగింది. ఈ కాళ్ళ గురించి అప్పటిదాకా అందరూ వ్యాఖ్యానించినవాళ్ళే. ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

నేను పెద్దమ్మ పేరు చెప్తున్నాను. పక్కన కూర్చున్న అమ్మ మెల్లగా చీర అంచు పైకి లాగింది. "నాకూ ఇంతేనమ్మా" అంది. ముప్ఫై మూడేళ్ళలో అమ్మ కాళ్ళు చూడటం అదే మొదటిసారి.

పరీక్షలో తేలింది డన్నిగన్ రకం పాక్షిక లైపోడిస్ట్రఫీ. చేతులకూ కాళ్ళకూ చర్మం కింద ఉండాల్సిన కొవ్వు యుక్తవయసు నుంచి మాయమవుతుంది. దాచుకునే చోటు లేని కొవ్వు రక్తంలోనూ కాలేయంలోనూ చేరుతుంది. కొవ్వు అంటే వదిలించుకోవాల్సినదని మాత్రమే విన్న నాకు, అది లేకపోవడమే జబ్బు అని అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

కారణం కణ కేంద్రకపు అంచులో ఉంది. కేంద్రకం చుట్టూ ఉండే పొరకు లోపలివైపు లామిన్ అనే ప్రొటీన్లు వలలా అల్లుకుని ఉంటాయి. మా ఇంటివాళ్ళ లామిన్ ఏలో 482వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు ట్రిప్టోఫాన్ ఉంది. జన్యువులో తేడా ఒక్క అక్షరమే. ఆ పొర ఉత్త గోడ అనుకునేదాన్ని. కానీ ఒక మూలకణం కొవ్వు కణంగా మారాలా వద్దా అన్నదాంట్లో ఆ పొర ప్రొటీన్లకూ పాత్ర ఉంది. కొవ్వు జన్యువుల్ని నడిపించే ఎస్‌ఆర్‌ఈబీపీ1 అనే ప్రొటీన్‌ను లామిన్ ఏ పట్టుకోగలదు. పొరలోనే ఉండే ఎమెరిన్, బీటా కాటెనిన్ అనేదాన్ని కేంద్రకంలో పోగుపడనివ్వదు. అది పోగుపడితే కొవ్వు కణం తయారీ వెనకబడుతుంది. టీమెమ్120ఏ అనే మరో పొర ప్రొటీన్ లేని ఎలుకల్లో జన్యువుల చోట్లు తారుమారై, కొవ్వు ఎక్కువున్న మేత పెట్టినప్పుడు మా జబ్బును పోలిన లక్షణాలే బయటపడ్డాయని 2022లో ఎడిన్‌బరో శాస్త్రజ్ఞుల బృందం ప్రచురించింది. మన హైదరాబాదులోనే, సీసీఎంబీలో వీణా పర్నాయిక్ ఏళ్ళ తరబడి ఈ లామిన్ల మీద పనిచేశారని తెలిసినప్పుడు, అదే రోడ్డు మీద ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో గుర్తొచ్చింది.

అన్నిటికంటే నన్ను కుదిపింది ఈ జబ్బు చరిత్ర. 1974లో స్కాట్లండ్‌లో డన్నిగన్, ఆయన సహచరులు దీన్ని వర్ణించారు. తొలి రోజుల్లో దొరికిన రోగులు దాదాపు అందరూ ఆడవాళ్ళే. దాంతో ఇది ఎక్స్ క్రోమోజోము మీద ఉందనీ, మగపిండాలు బతకవనీ 1986లో సిద్ధాంతం చేశారు. 1998లో జబ్బు జాడ ఒకటో క్రోమోజోము మీద దొరికింది. 2000లో లామిన్ జన్యువు బయటపడింది. అంటే మగవాళ్ళకూ సమానంగానే వస్తుంది. వాళ్ళు చచ్చిపోలేదు, కళ్ళెదుటే తిరుగుతున్నారు. కండలు తేలిన మగవాడిలో లోపం ఎవరికి కనబడుతుంది?

మా తమ్ముడి కండల్ని జిమ్ములో అందరూ మెచ్చుకునేవాళ్ళు. పరీక్ష చేయించుకోరా అంటే "అది ఆడవాళ్ళ జబ్బు కదక్కా" అని రెండేళ్ళు వాయిదా వేశాడు. వాడిలోనూ అదే అక్షరం. ఈ జబ్బు తెచ్చే ఉపద్రవాలు ఆడవాళ్ళలోనే తీవ్రంగా ఉంటాయన్నది నిజమే. కానీ మా శరీరాల్ని అనుక్షణం తూచే చూపు మాకు అవమానాన్నిచ్చిందే తప్ప వైద్యాన్నివ్వలేదు. అదే చూపు వాడికి మెప్పునిచ్చి జబ్బును దాచింది.

జన్యువు గురించి మాట్లాడటానికి స్త్రీవాదిగా నాకు జంకుండేది. పుట్టుకే తలరాత అనే పాత వాదానికి తలుపు తెరిచినట్టవుతుందేమోనని. ఇప్పుడు అలా అనిపించడం లేదు. పెద్దమ్మను చంపింది ఒక్క అక్షరమే కాదు, దాన్ని చీర కింద దాయించిన మాట కూడా. ఆ కాళ్ళు ఎవరైనా చూసి, అడిగి, ఆహారంలో నూనె తగ్గించి, షుగరుకు వేళకు మందిచ్చి ఉంటే ఇంకొన్నాళ్ళు బతికేదేమో.

తమ్ముడి కూతురికి పన్నెండేళ్ళు. జన్యువు వచ్చే అవకాశం సగానికి సగం. మొన్న అమ్మ దానికి పొడుగు గౌన్లు కొనాలంది. వద్దన్నాను. ఏటా రక్తపరీక్షకు తీసుకెళ్దాం, పొట్టిగౌన్లు వేసుకోనిద్దాం అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఆ పిల్ల వచ్చి నా పిక్క మీద నరాన్ని వేలితో తడుముతూ "అత్తా, ఇదెందుకిలా ఉంది?" అని అడిగింది. దగ్గర కూర్చోబెట్టుకుని మొదటినుంచీ చెప్పాను.