చక్కెర వెయ్యని తీపి

డాక్టరు చెబితే తప్ప మన ఇళ్ళలో ఎవరూ చక్కెర మానేసి టీ తాగరు. చైనాలోని యునాన్ రాష్ట్రంలో పూ-అర్ టీ తాగేవాళ్ళు పాలూ చక్కెరా ఊసెత్తకుండానే అందులో తీపి వెతుక్కుంటారు. ఆకులో చక్కెర ఉండేది నామమాత్రం. అయినా గుక్క దిగాక గొంతులో తీపి తగులుతుంది. ఉసిరికాయ కొరికి మంచినీళ్ళు తాగినవాళ్ళకి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పూ-అర్‌లో రెండు రకాలున్నాయి. పచ్చిది బిళ్ళలుగా నొక్కి ఏళ్ళ తరబడి దాచేది. మాగబెట్టినది వారాల్లో తయారయ్యేది. ఈ రెండో పద్ధతి 1973లో కున్‌మింగ్ టీ ఫ్యాక్టరీలో రూపుదిద్దుకుంది. ఆకును గుట్టగా పోసి, నీళ్ళు చల్లి, గుడ్డ కప్పుతారు. గుట్ట లోపల వేడి పుడుతుంది. మాడిపోకుండా అప్పుడప్పుడూ తిరగేస్తూ ఉంటారు. నెలా నెలన్నరలో సూక్ష్మజీవులు ఆకులోని వగరును చాలావరకు తినేస్తాయి. వగరు తగ్గాక మెత్తటి తీపి నాలుకకు తెలుస్తుంది.

కొత్తగా రుచి చూసేవాళ్ళు ఈ మాగబెట్టిన రకంతోనే మొదలుపెట్టడం మేలు. సన్నటి మొగ్గలతో చేసే 'గోంగ్‌టింగ్' రకం తియ్యగా, చిక్కగా ఉంటుంది. గుట్టలో అతుక్కుపోయి ఉండలు కట్టిన ఆకును 'లావో చా తౌ' అంటారు. చూడ్డానికి నల్లటి గులకరాళ్ళే. మరిగే నీళ్ళు పోసినా ఒక పట్టాన విడిపోవు, అందుకే ఎన్నిసార్లు నీళ్ళు మార్చినా రుచి దిగుతూనే ఉంటుంది.

పచ్చి రకంలో తీపి కావాలంటే ఊరి పేరు చూడాలి. యీవూ కొండల ఆకు సాత్వికం, తేనె వాసన. లిన్‌త్సాంగ్ ప్రాంతంలోని బింగ్‌డావో ఆకు కలకండ తీపికి పేరుపడింది. ధరా అంతే ఘనం, నకిలీలూ అంతే. లావో బాన్‌జాంగ్ ఊరి ఆకు ముందు చేదుతో అదరగొట్టి, తర్వాత తీపి తెస్తుంది. తొలిసారి తాగేవాళ్ళకి అది దండగ.

యునాన్ దాటితే హునాన్‌లో ఇలాగే మాగబెట్టే ఫూ టీ ఉంది, ఇటుకలా నొక్కినది. ఇటుక విరిస్తే లోపల పసుప్పచ్చని చుక్కలు కనిపిస్తాయి. పాడైందని పారేయకండి, అది కావాలని పెంచిన బూజే. దాన్ని 'బంగారు పూలు' అని మురిసిపోతారు. అదే కోవకు చెందిన గ్వాంగ్‌సీ రాష్ట్రపు లియూ బావో టీని ఒకప్పుడు మలయా తగరపు గనుల్లోని చైనా కూలీలు తాగేవారు.

ఏ రకమైనా చెమ్మ గోదాములో పడుంటే తీపి పోయి ముక్కవాసన మిగులుతుంది. కాచేటప్పుడు మొదటి నీళ్ళు పారబోసి, తర్వాత కొద్ది క్షణాలే నాననివ్వాలి.

బిళ్ళ బరువు మామూలుగా 357 గ్రాములు. పేరు చూసి అంతా ఒకేసారి కొనకండి. పాతిక గ్రాముల నమూనా తెప్పించుకుని, నచ్చాకే బిళ్ళ సంగతి చూడండి.