ఇతరుల కోసం ప్రార్థన: మాట ఇచ్చి మరిచిపోతున్నామా?



"ప్రార్థన చేయండి అయ్యగారూ." మన మధ్య రోజుకు పదిసార్లైనా వినిపించే మాట ఇది. బస్టాండులో, రేషన్ షాపు దగ్గర, మందిరం మెట్ల మీద, ఎక్కడ కలిసినా అడుగుతారు. "తప్పకుండా చేస్తామమ్మా" అని మేమూ అంటాం. "బాగున్నారా" అంటే "బాగున్నాం" అన్నట్టుగా ఈ మాటలు మన నోటికి అలవాటైపోయాయి. అలా అలవాటు కావడం ఎంత ప్రమాదమో మాకు ఎలా తెలిసిందో సిగ్గుపడుతూనే మీతో చెప్పుకుంటున్నాం.

కొన్నేళ్ల కిందటి మాట. మే నెల ఎండలు. మన సంఘంలోని ఒక సహోదరుడు సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. అప్పటికే అతని చేనులో రెండు బోర్లు ఎండిపోయాయి. అప్పు తెచ్చి మూడోది వేయిస్తున్నాడు. "తెల్లారితే బోరు బండి వస్తాది అయ్యగారూ, ఈ రాత్రికి నా కోసం ప్రార్థన చేయండి" అన్నాడు. చేస్తామని మాట ఇచ్చాం. ఆ రాత్రి ఇంటికి చుట్టాలు వచ్చారు. వంటలు, మాటలు అయ్యేసరికి పొద్దుపోయింది. పడుకున్నాం. అతని పేరు మాకు గుర్తుకే రాలేదు.

మరునాడు ఆరు వందల అడుగులు వేసినా దుమ్మే లేచింది. చుక్క నీరు పడలేదు.

ఆదివారం అతను సాక్ష్యం చెప్పడానికి లేచాడు. "నీళ్లు పడలేదు. అయినా అయ్యగారు, అమ్మగారు ఆ రాత్రి నా కోసం మోకరించినారు కదా, ఆ ధైర్యంతోనే నిలబడుకున్నాను" అన్నాడు. సంఘమంతా స్తోత్రం చెప్పింది. మేమిద్దరం మాత్రం తలెత్తలేకపోయాం. ఆరాధన అయ్యాక అతని ఇంటికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నిదానంగా, "అయితే ఇప్పుడు చేయండి అయ్యగారూ" అన్నాడు. ఆ మట్టినేల మీదే మోకరించాం. మాటల కంటే కన్నీళ్లే ఎక్కువ వచ్చాయి.

మేము ప్రార్థన చేసి ఉంటే నీళ్లు పడేవని అనడం లేదు. మన నేల సంగతి మనకు తెలుసు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదునుకు రాదు. రెండు రుతుపవనాలూ మన దాకా వచ్చేసరికి చిక్కిపోతాయి. ప్రార్థించినవారి బోర్లూ ఎండాయి, ప్రార్థించనివారి బోర్లూ ఎండాయి. ప్రార్థన చేయిస్తే నీళ్లు పడతాయని ఎవరైనా కానుక అడిగితే నమ్మకండి. మరి ఆ రాత్రి మేము చేసిన తప్పేమిటి? ఆ భారాన్ని అతనితో కలిసి మోస్తామని మాట ఇచ్చి, అతన్ని ఒంటరిగా వదిలేశాం. ప్రజల కోసం ప్రార్థించడం మానితే అది దేవునికి విరోధంగా చేసే పాపమని సమూయేలు ఎంచాడు (1 సమూయేలు 12:23). రాజు కావాలని తనను పక్కన పెట్టిన ప్రజల గురించి ఆయన ఆ మాట అన్నాడు. అడిగి వచ్చిన సొంత బిడ్డనే మరిచిన మాకు ఆ వచనం చదివినప్పుడల్లా గుండెలో గుచ్చుకుంటుంది.

ఆ సాయంత్రం దారిలో మన సంఘంలోని ఒక అవ్వ ఇంటి ముందు ఆగాం. విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. విత్తనం కాయలు చేత్తో ఒలవాలంటే రోజులు పడుతుందని మీకు తెలుసు. మా మొహాలు చూసి సంగతి అడిగింది. చెప్పాం. "నేను చేసినాలే నాయనా. ఆ పిల్లోడు మీ ఇంటికి వచ్చేటప్పుడు నాకూ చెప్పిపోయినాడు" అంది. ఎలా గుర్తు పెట్టుకున్నావవ్వా అని అడిగితే నవ్వింది. "నాకు సదువు రాదు కదా. ఒక కాయ ఒలిస్తే ఒక పేరు. మన గుడోళ్లు అయిపోతే వీధిలోవాళ్లు. గంపలో కాయలైతే ఉండాయి, పేర్లకేం తక్కువ?" అంది. కాసేపాగి, "ఆయమ్మి రెండు దినాలు పొయ్యి ముట్టించలేదంట. నిన్న సంగటి చేసి పంపినా" అని చెప్పింది.

మేము వేదాంతం చదివి నేర్చుకోనిది ఆ గంప దగ్గర నేర్చుకున్నాం. విజ్ఞాపన అంటే ఉపవాస కూడికల్లో గట్టిగా చేసే ప్రార్థన మాత్రమే కాదు. చేతులు పనిలో ఉండగా ఒక్కొక్కరి పేరూ ప్రభువు ముందు పెట్టడం. పేరు పెట్టినవారి పొయ్యి వెలిగిందో లేదో చూడటం. అవ్వ ఎవరి మతమూ అడగలేదు. వాన పడితే విశ్వాసి చేను, పక్కవాడి చేను అని చూసి పడదు కదా.

మన తెలుగు సంఘాల చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలులోని ఒక కొండ మీద లైమన్ జూవెట్ దొర, ఆయన భార్య, వారితో ఉన్న కొద్దిమంది తెలుగు విశ్వాసులు మోకరించారు. ఆ రోజుల్లో ఈ మిషన్ పనిని మూసేద్దామని అమెరికాలో చర్చ నడుస్తోంది. వారు కింద కనిపిస్తున్న పల్లెల కోసం ప్రార్థించారు. పన్నెండేళ్ల తర్వాత, 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చి పని మొదలుపెట్టాడు. 1876లో ధాత కరువు వచ్చింది. అప్పట్లో బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న మన అనంతపురం ప్రాంతాన్నీ అది వదల్లేదు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారని ఎవరూ అనకూడదని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కొండ మీద మోకరించిన రోజుకూ ఈ రోజుకూ మధ్య ఇరవై నాలుగేళ్లు గడిచాయి. ఆ మధ్యలో ప్రార్థనతో పాటు కాలువ తవ్వకమూ ఉందని మనం మరవకూడదు.

ప్రియులారా, ఆ ఆదివారం నుంచి మేము రెండు పనులు చేస్తున్నాం. ఎవరైనా ప్రార్థన అడిగితే, వీలైతే అక్కడే నిలబడి రెండు మాటలు ప్రార్థిస్తాం. వీలు కాకపోతే నోటు పుస్తకంలో పేరు రాసుకుంటాం. శనివారం ఆ పేర్లు చూసి, "ఎలా ఉంది?" అని ఫోన్ చేస్తాం. మీరూ ఇలా చేయండి. దూరాన ఉన్న బిడ్డలు పనికి పోయే బస్సులోనైనా ఊర్లోని ఒక్కరి పేరు ప్రభువుకు చెప్పండి.

ఆ సహోదరుడు ఇప్పుడు బెంగళూరులో బేల్దారి పని చేస్తున్నాడు. అప్పు ఇంకా తీరలేదు. అతని పేరు మా పుస్తకంలో మొదటి పేజీలో ఉంది. ఈ రాత్రి మీ ప్రార్థనలోనూ అతన్ని తలచుకోండి. తలచుకుంటామని చెప్పి మరిచిపోకండి.

ప్రభువు కృప మీ అందరికీ తోడైయుండును గాక. ఆమేన్.