ఏ కాలేజీ ముందు పెట్టాలె?

రండి, ఇలా అరుగు మీద కూర్చోండి. చాయ్ వస్తుంది. ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే సాయంత్రాలు మా అరుగు ఖాళీగా ఉండదు. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పినదాన్ని కదా, ఊళ్లో ఎవరింట్లో డిగ్రీ సీటు మాట వచ్చినా "మేడంను ఒకసారి అడిగి చూద్దాం" అంటూ వస్తారు. వస్తే నాకు సంతోషమే. పెళ్లి సంబంధం కుదుర్చుకోవాలంటే పదిమందిని వాకబు చేస్తాం. అదే పిల్ల మూడేళ్లు ఎక్కడ చదవాలన్నది మాత్రం ఇంటర్నెట్ సెంటర్‌లో పది నిమిషాల్లో తేల్చేస్తున్నాం. ఈ సంగతి నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. అందుకే ఈ పూట మీతో ఆ కబుర్లే చెప్పాలని ఉంది.

పోయిన ఏడాది మా వెనక వీధి నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన ఆటో నడుపుతాడు. పిల్ల ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. ఆమె చేతిలో నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం, దాని మీద రెండు కాలేజీల పేర్లు. ఒకటి నలభై కిలోమీటర్ల దూరంలో, జిల్లా కేంద్రంలో ఉన్న సర్కారు కాలేజీ. రెండోది మా ఊరు దాటగానే రోడ్డు పక్కనే ఉన్న ప్రైవేటు కాలేజీ.

"మేడం, ఏ కాలేజీ ముందు పెట్టాలె? దగ్గరిదైతే బస్సు ఇంటి ముంగటికే వస్తదంటున్రు. బిల్డింగు గూడ మంచిగుంది. వాళ్ల పీఆర్వో సారు రెండుసార్లు ఇంటికొచ్చి పోయిండు" అన్నాడాయన.

"నువ్వేమంటావు బిడ్డా?" అని పిల్లనడిగాను.

"నాకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చెయ్యాలనుంది మేడం" అంది.

చూశారా, కాలేజీ పేరు చెప్పలేదు. చదువు పేరు చెప్పింది. సగం దారి అక్కడే తేలిపోయింది.

అయినా రెండు కాలేజీల మధ్య ఊగిసలాట మనకు కొత్తది కాదు. హైదరాబాదులో 1887లో నిజాం కాలేజీ మొదలైంది. అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది, చదువంతా ఇంగ్లీషులో. 1918లో ఉస్మానియా వచ్చింది, అక్కడ బోధన ఉర్దూలో. ఒకే ఊళ్లో రెండు దారులు. మద్రాసు పట్టానా, నిజాం సర్కారు పట్టానా? ఏ భాషలో చదివితే ఏ కొలువు? 1947లో నిజాం కాలేజీ ఉస్మానియాలో కలిసేదాకా, దాదాపు ముప్పై ఏళ్లు ఆ నగరంలోని తల్లిదండ్రులు ఈ లెక్కే వేసుకున్నారు. ఇప్పుడు కాలేజీలు వందల్లో పెరిగాయి. లెక్క మాత్రం అదే: ఈ చదువు మా పిల్లను ఎక్కడికి చేరుస్తుంది?

తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలకు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. అంతకు ముందు ఒక్కో కాలేజీకి తిరిగి, ఒక్కో దరఖాస్తు కొని, నోటీసు బోర్డు మీద జాబితా ఎప్పుడు అంటిస్తారా అని ఎదురుచూసేవాళ్లు. మా స్టాఫ్‌రూం కిటికీ అవతల ఎండలో నిలబడ్డ ఆ తల్లులు నాకింకా గుర్తున్నారు. ఇప్పుడు మొదటి విడతలో 200 రూపాయలు కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు, ఇంట్లో కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లోనే. తిరుగుడు తప్పింది, మంచిదే. కానీ దాంతోపాటు కాలేజీ ముఖం చూడకుండానే చేరిపోయే అలవాటు కూడా వచ్చింది.

అందుకే ఆ తండ్రితో "రేపు నీ ఆటోలో ముగ్గురం పోదాం, రెండూ చూసొద్దాం" అన్నాను.

ముందు దగ్గరి కాలేజీకి వెళ్లాం. అద్దాల తలుపులు, చల్లటి ఆఫీసు గది, గోడ మీద ర్యాంకుల ఫ్లెక్సీ. ఎంతో మర్యాదగా మంచినీళ్లిచ్చారు. నేను కెమిస్ట్రీ ల్యాబ్ చూస్తామన్నాను. తాళంచెవి దొరకడానికి పావుగంట పట్టింది. లోపల బల్లలు కొత్తవి, సీసాలు కొత్తవి, లేబుళ్ల మీద ఒక్క మరక లేదు. ముప్పై మంది పిల్లలు సాల్ట్ అనాలిసిస్ చేసే గదిలో లేబుళ్లు అంత శుభ్రంగా ఉండవు. ఆమ్లం చుక్కలు పడి అక్షరాలు చెదురుతాయి, అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. స్టాండుకున్న బ్యూరెట్ మర తిప్పి చూశాను, కదల్లేదు. లోపల గాజుకు దుమ్ము పట్టి ఉంది. ఫెర్రస్ సల్ఫేట్ అని రాసిన సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాను. ఆ ద్రావణం తాజాగా కలిపితే లేత ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలి రోజులు గడిచేకొద్దీ పసుపెక్కి తుప్పు రంగుకు మారుతుంది. నైట్రేట్ ఉందో లేదో చెప్పే బ్రౌన్ రింగ్ పరీక్షకు అది అప్పటికప్పుడు కలుపుకోవాలి. ఆ సీసాలో అడుగున తుప్పు పేరుకుని ఉంది.

"ప్రాక్టికల్స్ ఎప్పుడు చేయిస్తారమ్మా?" అని అక్కడున్న అటెండర్ని అడిగాను. "పరీక్షల ముందు ఓ వారం చేయిస్తరు మేడం" అంది పాపం, ఉన్నదున్నట్టు.

మధ్యాహ్నానికి సర్కారు కాలేజీకి చేరాం. గోడలకు సున్నం పెచ్చులూడుతోంది. ఆఫీసులో ఫ్యాను చప్పుడు చేస్తోంది. మంచినీళ్లు మనమే ముంచుకు తాగాలి. ల్యాబ్ వైపు నడుస్తుంటే వరండాలోనే అమ్మోనియా ఘాటు తగిలింది. లోపల ప్రాక్టికల్ క్లాసు నడుస్తోంది. సింకు తడిగా ఉంది, బల్లల మీద మరకలు, టెస్ట్‌ట్యూబులు కడుగుతున్న చప్పుడు. ఒక పిల్ల బ్యూరెట్ కింద ఫ్లాస్కును ఎడాపెడా తిప్పేస్తుంటే మేడం వచ్చి ఆమె చేతి మీద చెయ్యి వేసి "నెమ్మదిగా, చుక్క చుక్కగా. రంగు మారంగనే ఆపాలె" అని చెబుతోంది. చెప్పింది తెలుగులో, బోర్డు మీద రాసింది ఇంగ్లీషులో. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు ఇంతకంటే పెద్ద ఆసరా ఏముంటుంది?

మా పిల్ల కళ్లు అక్కడే నిలిచిపోయాయి.

ఇది విని సర్కారు కాలేజీలన్నీ మంచివి, ప్రైవేటువన్నీ కావు అని మాత్రం అనుకోకండి. నేను రెండు రకాలూ చూశాను. ఏళ్ల తరబడి పోస్టులు ఖాళీగా ఉండి, గెస్ట్ లెక్చరర్ల మీదే బండి లాగే సర్కారు కాలేజీలున్నాయి. తెల్లారేసరికి ల్యాబ్ తెరిచి పిల్లలకు ప్రాణం పెట్టి చెప్పే ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. నా మాట ఒక్కటే. కాలేజీ మొత్తాన్ని చూసి చేర్చకండి, మీ పిల్ల చదవబోయే డిపార్టుమెంటును చూసి చేర్చండి. కామర్స్‌కు పెట్టింది పేరైన కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాళ్లే లేకపోవచ్చు. బీకాం చదవబోయే పిల్లయితే కామర్స్ ల్యాబ్‌లో ట్యాలీ నేర్పే కంప్యూటర్లు ఎన్ని పనిచేస్తున్నాయో చూడండి. బీఏ అయితే లైబ్రరీకి వెళ్లి, ఇష్యూ రిజిస్టర్లో ఆఖరి తేదీ ఎప్పటిదో చూడండి.

కాలేజీలకు న్యాక్ అనే సంస్థ ఇచ్చే గ్రేడు చూడొద్దా అని అడుగుతారు. తప్పకుండా చూడండి. ఆ సంస్థ 1994 నుంచి ఉంది. నాలుగు పాయింట్లకు 3.51, ఆపైన వచ్చినవాటికి ఏ ప్లస్ ప్లస్ ఇస్తూ వచ్చారు. కానీ ఆ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది, కెమిస్ట్రీకి వేరే, తెలుగుకు వేరే ఇవ్వరు. ఎప్పుడిచ్చారో కూడా చూసుకోవాలి. గ్రేడు కంటే పనికొచ్చేది ఇంకోటుంది. న్యాక్ కోసం కాలేజీలు సెల్ఫ్ స్టడీ రిపోర్ట్ తయారుచేసి తమ వెబ్‌సైటులో పెట్టాలి. అధ్యాపకులు ఎంతమంది, ఎన్నేళ్ల అనుభవం, ఎంతమంది పిల్లలు చేరారు, ఎంతమంది పాసయ్యారు, అన్నీ అందులో ఉంటాయి. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగిన వాళ్లెవరున్నా ఓ గంట కూర్చుని చదివి చెప్పమనండి.

తర్వాత సబ్జెక్టులు. మా పిల్లకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కావాలి. అంటే డిగ్రీలో కెమిస్ట్రీ ఉండి తీరాలి. దగ్గరి కాలేజీ కరపత్రంలో వినడానికి గొప్పగా ఉన్న ఒక కాంబినేషన్‌లో కెమిస్ట్రీనే లేదు! బోటనీ, జువాలజీలకు ఇంకేదో కలిపారు. అందులో చేరి ఉంటే మూడేళ్లయ్యాక ఆ దారి మూసుకుపోయేది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో సింగిల్ మేజర్ విధానం తెచ్చారు, అలాంటి విధానంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. అందులో ఎంచుకున్న మేజరే మీ చదువుకు ప్రధానం. మంచి డిపార్టుమెంటులో చదివిన పిల్లకు ముందు దారులు చాలానే ఉన్నాయి. తెలంగాణలో పీజీ సీట్లకు సీపీగెట్ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ ఉంది, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ ఉంది. ఆ పరీక్ష హాల్లో నీ కాలేజీ పేరేమిటని ఎవరూ అడగరు, కెమిస్ట్రీ ఎంత వచ్చో అదే అడుగుతారు.

దూరం మాటకొస్తే, 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆడపిల్లల చదువుకు అది చాలా పెద్ద మేలు. ఇప్పుడు దూరాన్ని రూపాయల్లో కాదు, గంటల్లో లెక్కపెట్టాలి. నలభై కిలోమీటర్లంటే రాను పోను రెండున్నర గంటలు. పొద్దున మొదటి బస్సు ఎప్పుడు, ప్రాక్టికల్ అయ్యాక సాయంత్రం ఆఖరి బస్సు ఎప్పుడు అని బస్టాండులో అడిగి రాసుకున్నాం. కుదరకపోతే జిల్లా కేంద్రంలో సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లున్నాయి. వాటి సంగతి కూడా ఆ రోజే కనుక్కున్నాం.

డబ్బు విషయం సిగ్గుపడకుండా అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందంటారు, నిజమే. కానీ అది పోను బస్సు ఫీజు ఎంత, పరీక్ష ఫీజు ఎంత, సర్కారు నుంచి డబ్బు ఆలస్యమైతే పిల్లనడుగుతారా అని కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేస్తేనే సీటు అనేవాళ్లుంటారు. అవి కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. చూపించండి, జిరాక్సులివ్వండి, ఇంటికి తెచ్చుకోండి.

ఇంకో మాట, దీన్ని మాత్రం గట్టిగా చెబుతున్నాను. "ఆప్షన్లు మేమే పెడతాం, మీ ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పండి" అని ఎవరొచ్చినా చెప్పొద్దు. నా దగ్గరికి ఏడుస్తూ వచ్చిన పిల్లలున్నారు. వాళ్లకు తెలియకుండానే ఒక్క కాలేజీయే ఆప్షన్‌గా పడిపోయింది.

ఇక ఆ తండ్రి అడిగిన ప్రశ్న, ఏది ముందు పెట్టాలె? చాలామంది "అక్కడ వస్తదో రాదో, మొదటి ఆప్షన్ దండగ చేసుకోవడమెందుకు" అని వచ్చేదాన్ని ముందు పెడతారు. అది పొరపాటు. సీటు కేటాయించేటప్పుడు ముందు మీ మొదటి ఆప్షన్ చూస్తారు. మార్కుల ప్రకారం, రిజర్వేషన్ ప్రకారం అక్కడ సీటుంటే ఇచ్చేస్తారు, కిందివి ఇక చూడరు. లేకపోతే రెండోదానికి వస్తారు. మొదటిదాంట్లో రానంత మాత్రాన రెండోదాంట్లో వెనకబడేది ఏమీ లేదు. అందుకని మనసుకు నచ్చింది ముందు, అది కాకపోతే సర్దుకోగలిగింది తర్వాత, అసలు చేరకూడదనుకున్నది జాబితాలోనే వద్దు. సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయడం మరవొద్దు. మరిస్తే వచ్చిన సీటు పోతుంది.

ఆ పిల్ల ఆ సాయంత్రం ఇదే అరుగు మీద కూర్చుని, తన చేత్తో తనే ఆప్షన్లు పెట్టుకుంది. మొదటి విడతలోనే సర్కారు కాలేజీలో సీటు వచ్చింది. ఇప్పుడు అప్పుడప్పుడూ ఆదివారాలు రికార్డు పుస్తకం పట్టుకొస్తుంది. దాని అట్ట మీద ఆమ్లం పడిన మరక ఒకటుంది. ఆ మరక చూసినప్పుడల్లా నాకు కడుపు నిండుతుంది.

మీ ఇంట్లోనూ ఈ ఏడాది డిగ్రీలో చేరే పిల్లలుంటే, ఆప్షన్ల గడువు ముగిసేలోపు ఒక్కరోజు కూలి పోయినా సరే, ఒక్కపూట దుకాణం మూసినా సరే, పిల్లను వెంటబెట్టుకుని ఆ కాలేజీకి వెళ్లండి. ఆఫీసు గదిలో కూర్చోకండి. ల్యాబ్ తాళం తీయించి చూడండి.